అలెక్స్ జెసలెంకో: తరచుగా అడిగే ప్రశ్నలు

మెల్‌బోర్న్‌లో కాపురం పెట్టిన మనవాళ్లకు మొదటి ఏడాదే అర్థమయ్యే సంగతి ఒకటుంది. ఇక్కడ చలికాలమంతా జనం మాట్లాడేది క్రికెట్ గురించి కాదు, ఫుటీ గురించి, అంటే ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ గురించి. ఫుటీ కబుర్లలో కాసేపు కూర్చుంటే ఎవరో ఒకరి నోట 'జెజా' అనే పేరు వస్తుంది. ఆ జెజాయే అలెక్స్ జెసలెంకో. ఆస్ట్రియాలో పుట్టి, కాన్‌బెర్రాలో పెరిగి, కార్ల్‌టన్ క్లబ్ ఆటగాడిగా, ఆ తర్వాత కోచ్‌గా పేరు మోసిన మనిషి. అతని గురించి మనవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి. ఆట బొత్తిగా తెలియనివాళ్లు మొదటి ప్రశ్నను దాటెయ్యకండి.

అసలు ఈ ఆట ఎలా ఆడతారు? క్లుప్తంగా చెప్పండి.

కోలగా ఉండే పెద్ద మైదానం, కోలగా ఉండే బంతి. ఒక్కో జట్టుకు మైదానంలో 18 మంది. రెండు చివర్లలోనూ నాలుగేసి స్తంభాలు ఉంటాయి. మధ్య రెండు స్తంభాల నడుమ నుంచి బంతిని తన్నితే గోల్, దానికి 6 పాయింట్లు. పక్క స్తంభాల సందులోంచి వెళితే 'బిహైండ్', దానికి 1 పాయింటే. అందుకే స్కోరును 17.9 (111) అని రాస్తారు. అంటే 17 గోల్స్, 9 బిహైండ్లు, మొత్తం 111. బంతిని చేత్తో విసరకూడదు. తన్నాలి, లేదా ఒక అరచేతిలో పెట్టుకుని రెండో చేతి పిడికిలితో గుద్ది అందించాలి. దీన్నే హ్యాండ్‌బాల్ అంటారు. నాలుగు క్వార్టర్లు ఆడతారు.

జెసలెంకో కథకు అన్నిటికంటే ముఖ్యం 'మార్క్'. ఎవరైనా దూరం నుంచి తన్నిన బంతిని నేల తాకకముందే శుభ్రంగా పట్టుకుంటే అది మార్క్. పట్టినవాడిని ఎవరూ అడ్డుకోకూడదు, తీరిగ్గా గురి చూసి తన్నుకోవచ్చు. బంతి అందుకోవడానికి ఎదుటివాడి భుజాల మీదికి ఎగిరి ఎక్కినా తప్పు కాదు. కొత్తగా చూసేవాళ్లు నోరెళ్లబెట్టేది ఇక్కడే.

ఇంకో మాట. ఇప్పుడు ఏఎఫ్ఎల్ (ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్) అంటున్న లీగ్‌కు 1990 ముందు వరకు వీఎఫ్ఎల్ (విక్టోరియన్ ఫుట్‌బాల్ లీగ్) అని పేరు. జెసలెంకో ఆడిన రోజుల్లో అందులో 12 జట్లుండేవి, అన్నీ విక్టోరియా రాష్ట్రానివే.

జెసలెంకో ఎక్కడ పుట్టాడు? ఆస్ట్రేలియాకు ఎలా వచ్చాడు?

1945 ఆగస్టు 2న ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో పుట్టాడు. ఐరోపాలో యుద్ధం ముగిసి అప్పటికి మూడు నెలలు కూడా కాలేదు. తండ్రి ఉక్రెయిన్ మనిషి, తల్లి రష్యన్. యుద్ధం ఊళ్లకు ఊళ్లనే చెల్లాచెదురు చేసిన కాలం అది. సొంత ఊరికి తిరిగి వెళ్లలేనివాళ్లు, వెళ్లడానికి భయపడేవాళ్లు లక్షల సంఖ్యలో జర్మనీ, ఆస్ట్రియా శిబిరాల్లో తలదాచుకున్నారు. జనాభా పెంచుకోవాలని చూస్తున్న ఆస్ట్రేలియా 1947 నుంచి ఓ ఐదారేళ్లలో అలాంటివాళ్లను దాదాపు 1,70,000 మందిని తీసుకుంది. ఆ అలలోనే 1949లో జెసలెంకో కుటుంబం వచ్చి కాన్‌బెర్రాలో స్థిరపడింది. పిల్లవాడికి అప్పుడు నాలుగేళ్లు.

'ఆస్ట్రియాలో పుట్టాడు' అని రికార్డుల్లో ఒక్క ముక్క కనిపిస్తుంది. దాన్ని చూసి ఆస్ట్రియా కుటుంబమనుకుంటే పొరపాటే. పుట్టిన చోటుతో వాళ్లకున్న సంబంధం యుద్ధం తెచ్చిపెట్టిందే.

14 ఏళ్లు వచ్చేదాకా ఈ ఆటే ఆడలేదంటారు, నిజమేనా?

నిజమే. కాన్‌బెర్రా ఆనాటికి రగ్బీ ఊరు. అతను చదివిన సెయింట్ ఎడ్మండ్స్ కాలేజీలోనూ రగ్బీదే రాజ్యం. చిన్నప్పుడు సాకర్, ఆ తర్వాత రగ్బీ ఆడాడు. ఆస్ట్రేలియన్ రూల్స్ బంతిని చేతబట్టింది 14 ఏళ్లకు. మెల్‌బోర్న్‌లో పిల్లలు నడక రాగానే ఎర్రబంతి తన్నుతూ పెరుగుతారు. అక్కడి లెక్కలో అది చాలా ఆలస్యం.

ఆ ఆలస్యమే కలిసొచ్చిందని వాదించేవాళ్లూ ఉన్నారు. సాకర్ వల్ల కాళ్లు రెండూ సమంగా పనిచేశాయని, రగ్బీ వల్ల శరీరాల మధ్య తొణకకుండా నిలబడటం అలవడిందని అంటారు. నాకైతే ఇది తర్వాత కూర్చిన లెక్కలాగే అనిపిస్తుంది. అతని పాత ఆటల క్లిప్పులు చూస్తే కొట్టొచ్చినట్టు కనిపించేది ఒంటి మీద అదుపు. గాల్లోకి లేచినవాడు ఎలా దిగుతున్నాడో చూడండి. చాలామంది కూలబడతారు. ఇతను కాళ్ల మీద దిగి, తర్వాతి అడుగు అప్పుడే వేసేస్తుంటాడు. దాన్ని ఏ ఆట నేర్పిందో ఎవరు చెప్పగలరు?

కాన్‌బెర్రాలో ఈస్ట్‌లేక్ క్లబ్‌కు ఆడి పేరు తెచ్చుకున్నాక మెల్‌బోర్న్ పెద్ద క్లబ్బుల కన్ను అతని మీద పడింది.

కార్ల్‌టన్‌కు ఎప్పుడు వచ్చాడు? అప్పుడు ఆ క్లబ్ పరిస్థితి ఏంటి?

1967లో వచ్చాడు. జెర్సీ నంబరు 25.

కార్ల్‌టన్ అప్పటికి ఘనత ఉండి కరువులో ఉన్న క్లబ్. 1947 తర్వాత ఒక్క కప్పూ లేదు. 1964 చివర్లో జార్జ్ హారిస్ అనే దంతవైద్యుడు తన వర్గంతో క్లబ్ పగ్గాలు పట్టాడు. పట్టీపట్టగానే మెల్‌బోర్న్ క్లబ్ కెప్టెన్ రాన్ బరాసిని లాక్కొచ్చి కోచ్‌ని చేశాడు. ఆ రోజుల్లో అంతటి ఆటగాడు క్లబ్ మారడమంటే జనం నమ్మలేకపోయారు. హారిస్ పేరు గుర్తుపెట్టుకోండి, జెసలెంకో కథను చివర్లో మలుపు తిప్పేది అతనే.

బరాసి కటువైన మనిషి. కుర్రాళ్లను నిలబెట్టి కడిగేసేవాడు. ఆ చేతుల్లోనే జెసలెంకో రాటుదేలాడు. 1968లో కార్ల్‌టన్ గ్రాండ్ ఫైనల్లో ఎసెండన్‌ను 3 పాయింట్ల తేడాతో ఓడించి 21 ఏళ్ల కరువు తీర్చింది. ఆ మ్యాచ్‌లో ఓ తమాషా ఉంది. స్కోరు 7.14 (56), 8.5 (53). గోల్స్ తక్కువ కొట్టి, బిహైండ్ల పుణ్యమాని గెలిచింది కార్ల్‌టన్. గ్రాండ్ ఫైనల్లో అలా జరగడం అదే మొదటిసారి.

అందరూ చెప్పుకునే ఆ 'మార్క్' ఏంటి?

1970 సెప్టెంబర్ 26. ఎంసీజీలో గ్రాండ్ ఫైనల్, కార్ల్‌టన్‌కూ కాలింగ్‌వుడ్‌కూ. మెల్‌బోర్న్‌లో ఈ రెండు క్లబ్బుల వైరం తాతల నాటిది. ఆ రోజు మైదానానికి వచ్చిన జనం 1,21,696. ఈ ఆటలో ఇప్పటికీ అదే రికార్డు. అది చెదరడం కూడా కష్టమే, ఎందుకంటే ఇప్పుడు ఎంసీజీలో పట్టేదే సుమారు లక్ష మంది.

రెండో క్వార్టర్ నడుస్తోంది. కార్ల్‌టన్ చిత్తుగా వెనకబడి ఉంది. బంతి ఎత్తుగా గాల్లోకి లేచి దిగుతోంది. దాని కింద కాలింగ్‌వుడ్ ఆటగాడు గ్రేమ్ జెన్‌కిన్ కాచుకుని ఉన్నాడు, మంచి పొడగరి. వెనక నుంచి పరుగెత్తుకొచ్చిన జెసలెంకో ఎగిరాడు. స్టూలెక్కి అటక మీది డబ్బా అందుకున్నంత నింపాదిగా జెన్‌కిన్ భుజాల మీదికి ఎక్కి, చేతులు చాచి బంతిని పట్టేశాడు. టీవీ వ్యాఖ్యాత మైక్ విలియమ్‌సన్ "జెసలెంకో, యూ బ్యూటీ!" అని అరిచాడు. ఆ కేక ఈ దేశంలో సామెతై కూర్చుంది. అతని ఆట ఎన్నడూ చూడనివాళ్లు కూడా ఆ ముక్క అంటుంటారు.

ఏటా ఉత్తమ మార్క్‌కు ఇచ్చే అవార్డుకు లెక్క 1970 నుంచే మొదలవుతుంది. మొదటి విజేత ఇతనే. ఇప్పుడు ఆ పతకం పేరే అలెక్స్ జెసలెంకో మెడల్.

పాపం, జెన్‌కిన్ గురించి ఒక మాట. ఆ మ్యాచ్‌కు ముందూ తర్వాతా అతను ఎన్నో ఏళ్లు పెద్ద లీగ్‌లో ఆడాడు, బాగానే ఆడాడు. జనానికి గుర్తున్నది మాత్రం ఆ ఫొటోలో కింద ఉన్న మనిషిగానే.

ఆ మార్క్ వల్లే మ్యాచ్ గెలిచారా?

కాదు. ఈ అపోహ చాలామందికి ఉంది. ఆ మార్క్ పట్టాక కూడా కార్ల్‌టన్ కష్టాలు తీరలేదు. సగం ఆట ముగిసేసరికి 44 పాయింట్ల వెనకే ఉంది. అంత లోటు పూడ్చుకుని గ్రాండ్ ఫైనల్ గెలిచినవాళ్లు అంతకుముందు లేరు.

మ్యాచ్‌ను మలుపు తిప్పింది విరామంలో బరాసి తీసుకున్న రెండు నిర్ణయాలు. మొదటిది, టెడ్ హాప్‌కిన్స్ అనే సన్నపాటి కుర్రాణ్ని రిజర్వు బెంచీ మీంచి దింపాడు. ఆ రోజుల్లో బయటికి వచ్చినవాడు మళ్లీ లోపలికి పోవడానికి వీల్లేదు కాబట్టి రిజర్వును వాడటమంటే వెనక్కి తీసుకోలేని ముక్కను వేసెయ్యడమే. హాప్‌కిన్స్ రెండో సగంలో 4 గోల్స్ కొట్టాడు. రెండోది, ఏం చేసైనా సరే హ్యాండ్‌బాల్ ఆడి ముందుకు కదలండి, ఆగొద్దు అని బరాసి గట్టిగా చెప్పాడు. అప్పటిదాకా హ్యాండ్‌బాల్ అంటే చిక్కుల్లో పడినప్పుడు తప్పించుకునే దారి. ఆ మధ్యాహ్నం నుంచి అది దాడికి దిగే దారి అయింది. ఆట తీరే మారింది ఇక్కడ అంటారు చరిత్ర రాసేవాళ్లు.

మూడో క్వార్టర్ చివరికి తేడా 17కి తగ్గింది. చివర్లో జెసలెంకో దూరం నుంచి తన్నిన బంతి ఖాళీగా ఉన్న గోల్ వైపు దొర్లుకుంటూ ఎగిరెగిరి వెళ్లి లోపల పడింది. దాంతో ఆట ఖాయమైపోయింది. తుది స్కోరు 17.9 (111), 14.17 (101). నిజానికి ఆ రోజు అతని మార్క్ కంటే ఈ గోలే ఎక్కువ పనికొచ్చింది. ఫొటోకు మాత్రం ఎగిరిన మనిషే కావాలి కదా.

హాప్‌కిన్స్ ఆ తర్వాత ఎక్కువ కాలం ఆడలేదు. కొన్నేళ్లకు ఈ ఆట గణాంకాలు సేకరించే చాంపియన్ డేటా సంస్థ స్థాపకుల్లో ఒకడయ్యాడు. ఇప్పుడు టీవీలో కనిపించే అంకెల వెనక ఉన్నది ఆ సంస్థే.

115 గోల్స్ రికార్డు ఏంటి?

అదీ 1970 సంగతే. ఆ సీజన్లో 115 గోల్స్ కొట్టాడు. కార్ల్‌టన్ తరఫున ఒక సీజన్లో వంద దాటినవాడు ఈనాటికీ అతనొక్కడే.

అయితే ఆ ఏడాది గోల్స్ పట్టికలో మొదటి పేరు అతనిది కాదు. హాథార్న్‌కు ఆడిన పీటర్ హడ్సన్ 146, కాలింగ్‌వుడ్‌కు ఆడిన పీటర్ మెకెన్నా 143 కొట్టారు. వాళ్లిద్దరూ గోల్ ముందు కాపు కాసి అదే వృత్తిగా గోల్స్ కొట్టిన ఫుల్ ఫార్వర్డ్‌లు. జెసలెంకో మనసు ఆ ఒక్క చోట నిలిచేది కాదు.

అయితే అతని స్థానం ఏది?

హాఫ్ ఫార్వర్డ్ అని చెప్పుకోవచ్చు. అంటే దాడి చేసే వరసలో గోల్‌కు ఒక అంచె వెనక. జట్టుకు గోల్స్ కావాలంటే ముందుకు పోయేవాడు, మధ్యలో బంతి కావాలంటే అక్కడికి వచ్చేవాడు, చివరి ఏళ్లలో రక్షణ వరసలోనూ ఆడాడు. ఎత్తు ఆరడుగులకు కాస్త అటూఇటూ. ఈ ఆటలో అది పెద్ద ఎత్తేం కాదు. పొడగర్ల మీదికి ఎగరగలడు, పొట్టివాళ్లతో సమానంగా నేల మీద బంతి ఏరగలడు. ఎదుటి కోచ్‌కు అతని మీద ఎవరిని పెట్టాలో తోచేది కాదు.

1972 ఫైనల్లో ఏం చేశాడు?

7 గోల్స్ కొట్టాడు. రిచ్‌మండ్ మీద కార్ల్‌టన్ స్కోరు 28.9 (177). రిచ్‌మండ్ కూడా తక్కువ తినలేదు, 22.18 (150) కొట్టి ఓడిపోయింది! గ్రాండ్ ఫైనల్లో 150 కొట్టి ఓడటమంటే ఊహించండి. కార్ల్‌టన్‌కు అప్పుడు కోచ్ బరాసి కాదు. కెప్టెన్‌గా ఆడుతూనే జట్టును నడిపించిన జాన్ నికల్స్. ఆడుతున్నవాడే కోచ్‌గా ఉండి కప్పు గెలవడాన్ని జెసలెంకో దగ్గర్నుంచి చూసింది అప్పుడే.

కోచ్ ఎలా అయ్యాడు?

అనుకుని అయింది కాదు, మీద పడింది. 1978 సీజన్ మొదట్లోనే కార్ల్‌టన్ అతలాకుతలమైంది. లీగ్ ఉత్తమ ఆటగాడికి ఇచ్చే బ్రౌన్లో మెడల్‌ను మూడుసార్లు గెలిచిన ఇయాన్ స్టీవర్ట్‌ను కోచ్‌గా తెచ్చుకుంటే మూడు మ్యాచ్‌లకే తప్పుకున్నాడు. పాత ఆటగాడు సెర్జియో సిల్వాన్యీ తాత్కాలికంగా కొద్ది మ్యాచ్‌లు చూసుకున్నాడు. తర్వాత క్లబ్ జెసలెంకో వైపు తిరిగింది. అప్పటికి 32 ఏళ్లు నిండి 33వ ఏడు నడుస్తోంది. ఆటగాడు, కెప్టెన్, కోచ్, మూడు పనులూ ఒక్కడి నెత్తిన.

ఆడుతూ కోచింగ్ ఎలా సాధ్యం?

ఇప్పుడైతే సాధ్యం కాదు. ఈనాటి కోచ్ చుట్టూ సహాయకులు, కంప్యూటర్లు, మైదానానికి ఫోన్లు ఉంటాయి. ఆనాడు మైదానంలో ఉన్న కోచ్‌కు కనిపించేది తన చుట్టూ ఉన్న యాభై గజాలే. మిగతాది నమ్మకం మీద నడవాలి. గసపోస్తున్న మనిషి విరామంలో లోపలికొచ్చి తోటి ఆటగాళ్లకు తప్పొప్పులు చెప్పాలి, తన తప్పులతో సహా. బెంచీ మీద ఉన్నవాళ్లు మార్పులు చూసుకునేవారు.

బరాసి, నికల్స్ ఇద్దరూ చేసిన పని కాబట్టి కార్ల్‌టన్‌కు ఇది కొత్త కాదు. కానీ 1970ల చివరికి ఆ పద్ధతి పాతబడిపోతోంది. 1979 తర్వాత ఆటగాడే కోచ్‌గా ఉండి ఈ లీగ్‌లో కప్పు గెలిచినవాడు మరొకడు లేడు. జెసలెంకోయే చివరివాడు.

1979 గ్రాండ్ ఫైనల్ గురించి కాస్త వివరంగా చెప్పండి.

ఈ ప్రశ్న ఎవరూ ముందుగా అడగరు, అదే నా బాధ. 1970 మార్క్ కంటే ఇదే పెద్ద ఘనకార్యమని నా అభిప్రాయం.

సెప్టెంబర్ 29, మళ్లీ ఎంసీజీ, మళ్లీ కాలింగ్‌వుడ్. ఈసారి వాన తడి మైదానం. జారే బంతి, బరువెక్కిన కాళ్లు. 1972 నాటి గోల్స్ వర్షం లేదు, ప్రతి పాయింటూ పెనుగులాటే. చివరి క్వార్టర్లో జెసలెంకో కాలికి దెబ్బ తగిలి బయటికి రావాల్సి వచ్చింది. ఏడాది పొడుగునా నడిపించిన మనిషి, చివరి నిమిషాలు బయట కూర్చుని చూడాల్సి వచ్చిందన్నమాట.

అప్పుడు జరిగింది వేన్ హార్మ్స్ ముచ్చట. హార్మ్స్ తన్నిన బంతి అనుకున్నచోటికి పోకుండా హద్దుగీత వైపు జారిపోతోంది. తన్నినవాడే దాని వెంట పడ్డాడు. గీత దాటబోతుండగా తడి గడ్డి మీద పడుకుని జారుతూ పిడికిలితో బంతిని గోల్ వైపు కొట్టాడు. అక్కడ కెన్ షెల్డన్ అందుకుని గోల్ చేశాడు. బంతి అప్పటికే గీత దాటిందని కాలింగ్‌వుడ్ అభిమానులు ఈరోజుకీ ప్రమాణం చేసి చెబుతారు. మీ ఆఫీసులో కాలింగ్‌వుడ్ మనిషి ఉంటే ఈ ప్రస్తావన తేవొద్దు, మధ్యాహ్నం దాకా పని సాగదు.

తుది స్కోరు 11.16 (82), 11.11 (77). 5 పాయింట్ల తేడా. గ్రాండ్ ఫైనల్లో ఉత్తమ ఆటగాడికి ఇచ్చే నార్మ్ స్మిత్ మెడల్ ఆ ఏడాదే మొదలైంది, మొదటిది హార్మ్స్‌కు దక్కింది. విచిత్రమేంటంటే ఆ నార్మ్ స్మిత్‌కు హార్మ్స్ మనవడి వరస. అంతే కాదు, తండ్రిలేని బరాసిని చేరదీసి ఇంట్లో పెట్టుకుని ఆట నేర్పింది కూడా ఆ నార్మ్ స్మితే. స్మిత్ దగ్గర బరాసి, బరాసి దగ్గర జెసలెంకో. ఈ ఆటలో గురుశిష్య పరంపర ఇలా ఉంటుంది.

కప్పు గెలిచి కూడా కార్ల్‌టన్‌ను ఎందుకు వదిలేశాడు?

ఇదే కథలోని అసలు మెలిక. కప్పు గెలిచిన కొద్ది నెలలకే క్లబ్‌లో అధికారం కోసం కొట్లాట మొదలైంది. అధ్యక్షుడు జార్జ్ హారిస్‌ను దించాలని ఒక వర్గం పట్టుబట్టింది. హారిస్ పోతే నేనూ పోతానని జెసలెంకో చెప్పాడు. హారిస్ ఓడిపోయాడు. జెసలెంకో అన్నమాట ప్రకారం వెళ్లిపోయాడు.

కార్ల్‌టన్‌వాళ్లు దీన్ని రెండు రకాలుగా చెబుతారు. మాట మీద నిలబడ్డాడని కొందరు, క్లబ్ రాజకీయాల్లో ఆటగాడు వేలు పెట్టకూడదని కొందరు. నన్నడిగితే మొదటివాళ్ల మాటకే మొగ్గుతాను, కానీ నష్టం మాత్రం అతనిదే ఎక్కువ. ఎందుకంటే ఆ జట్టు అక్కడితో ఆగలేదు. డేవిడ్ పార్కిన్ కోచ్‌గా వచ్చాక 1981లో, 1982లో వరసగా కప్పులు గెలిచింది. వాటిలో ఆడినవాళ్లలో చాలామంది జెసలెంకో కింద 1979లో గెలిచినవాళ్లే. ఆగి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం గానీ, కోచ్‌గా అతని పేరు ఇప్పుడున్నంత చిన్నగా ఉండేది కాదు.

తర్వాత ఎక్కడికి వెళ్లాడు?

1980లో సెయింట్ కిల్డాకు వెళ్లాడు, ముందు ఆటగాడిగానే. సీజన్ మొదలై రెండు మ్యాచ్‌లు కాగానే క్లబ్ తన కోచ్ మైక్ ప్యాటర్సన్‌ను తీసేసి జెసలెంకోను కూర్చోబెట్టింది. మళ్లీ అదే, అడక్కుండా వచ్చిన కొలువు. కానీ ఇది కార్ల్‌టన్ కాదు. డబ్బుకు కటకట, జట్టులో బలం అంతంత మాత్రం. 1981 వరకు ఆడుతూ, 1982 చివరి వరకు కోచ్‌గా ఉన్నాడు. పట్టికలో జట్టు అడుగు వరసలోనే ఉండిపోయింది. ఆ దశాబ్దంలో సెయింట్ కిల్డాకు కోచ్‌లుగా వచ్చినవాళ్లంతా అక్కడ తల బొప్పి కట్టించుకున్నవాళ్లే, ఇతనొక్కణ్నే అనడానికి లేదు.

మళ్లీ కార్ల్‌టన్‌కు వచ్చాడా?

వచ్చాడు, పదేళ్ల తర్వాత. 1989 సీజన్ మధ్యలో కార్ల్‌టన్ తన కోచ్ రాబర్ట్ వాల్స్‌ను తొలగించింది. వాల్స్ ఎవరంటే 1968, 1970, 1972 కప్పుల్లో జెసలెంకో పక్కన ఆడినవాడు, రెండేళ్ల కిందటే, 1987లో, కోచ్‌గా క్లబ్‌కు కప్పు తెచ్చినవాడు. అయినా దయ చూపలేదు. కుర్చీ జెసలెంకోకు ఇచ్చారు. 1990 చివరిదాకా ఉన్నాడు. జట్టు ఫైనల్స్‌కు, అంటే సీజన్ చివర్లో పై జట్ల మధ్య జరిగే పోటీలకు, చేరలేదు. 1991కి పార్కిన్‌ను వెనక్కి పిలిచారు. జెసలెంకో కోచింగ్ కథ పెద్ద లీగ్‌లో అక్కడితో సరి.

అయితే కోచ్‌గా గొప్పవాడా కాదా?

మూడుసార్లు కోచ్ అయ్యాడు, మూడుసార్లూ సీజన్ నడుస్తుండగా ఇంకొకరు ఖాళీ చేసిన కుర్చీలోనే కూర్చున్నాడు. తన చేత్తో జట్టును ఎంచుకుని, ఎండాకాలం అంతా తయారు చేసుకుని బరిలోకి దిగే అవకాశం దొరికిన ఏళ్లు తక్కువ. అలా నిండుగా దొరికిన మొదటి ఏడాది 1979. ఆ ఏడాది పట్టికలో మొదటి స్థానం, కప్పు. మిగతా ఏళ్లను పట్టుకుని తీసిపారేసేవాళ్లు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి. గొప్ప కోచ్‌ల వరసలో పెట్టను గానీ, అనుకోకుండా కోచ్ అయిన ఆటగాడని తోసెయ్యను కూడా.

మొత్తం గణాంకాలు చెప్పండి.

కార్ల్‌టన్‌కు 256 మ్యాచ్‌లు, 424 గోల్స్. సెయింట్ కిల్డాకు 23 మ్యాచ్‌లు, 20 గోల్స్. కలిపి 279 మ్యాచ్‌లు, 444 గోల్స్. కప్పులు నాలుగు: 1968, 1970, 1972, 1979. నాలుగూ కార్ల్‌టన్‌తోనే.

బ్రౌన్లో మెడల్ గెలిచాడా?

లేదు. లీగ్‌లో ఉత్తమ ఆటగాడికి అంపైర్లు ఓట్లేసి ఇచ్చే ఈ పతకం అతనికి దక్కలేదు. కార్ల్‌టన్ క్లబ్ ఉత్తమ ఆటగాడి అవార్డు కూడా ఒక్కసారే, 1975లో. ఇంత పేరున్నవాడికి ఒక్కసారేనా అని ఆశ్చర్యపోతారు. ఆ జట్టులో ఎంతమంది ఉద్దండులు ఉండేవారో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

మరి గౌరవాలు?

1996లో ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ మొదలైనప్పుడు తొలి జాబితాలోనే పేరుంది. 2008లో 'లెజెండ్' హోదాకు పెంచారు. ఆ గౌరవం చాలా కొద్దిమందికే ఇస్తారు. 1996లోనే ప్రకటించిన ఏఎఫ్ఎల్ శతాబ్దపు జట్టులోనూ చోటు దక్కింది. బ్రిటిష్ రాణి ఇచ్చిన ఎంబీఈ బిరుదు కూడా ఉంది.

విదేశాల్లో పుట్టి ఈ ఆటలో రాణించినవాళ్లు ఇంకెవరున్నారు?

ఐర్లాండ్ నుంచి జిమ్ స్టైన్స్. డబ్లిన్‌లో ఐరిష్ ఫుట్‌బాల్ ఆడుకునే కుర్రాడు 18 ఏళ్లకు మెల్‌బోర్న్ క్లబ్‌కు వచ్చి, 1991లో బ్రౌన్లో గెలిచాడు. వరసగా 244 మ్యాచ్‌లు ఒక్కటీ తప్పకుండా ఆడాడు. ఐరిష్ కుర్రాళ్లను తెచ్చే ఆ ప్రయోగం వెనక ఉన్నది ఎవరో తెలుసా? అప్పటికి మెల్‌బోర్న్ క్లబ్ కోచ్‌గా వెళ్లిన మన బరాసే. దక్షిణ కొరియాలో పుట్టిన పీటర్ బెల్ నార్త్ మెల్‌బోర్న్‌తో 1996, 1999 కప్పులు గెలిచి, తర్వాత ఫ్రీమాంటిల్‌కు కెప్టెన్ అయ్యాడు. ఐర్లాండ్ నుంచే వచ్చిన టైగ్ కెనెలీ 2005లో సిడ్నీతో కప్పు ఎత్తాడు. అమెరికా నుంచి బాస్కెట్‌బాల్ ఆటగాడు మేసన్ కాక్స్ వచ్చాడు. సూడాన్ నుంచి కుటుంబంతో వలస వచ్చిన మజాక్ డా ఉన్నాడు.

తెలుగువాళ్లకు ఈ కథతో ఏమైనా సంబంధం ఉందా?

నేరుగా లేదు. కానీ ఎంసీజీ ఉంది. 2024 డిసెంబర్‌లో విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి టెస్టుల్లో తొలి సెంచరీ కొట్టింది ఆ గడ్డ మీదే. తండ్రి స్టాండ్‌లో చేతులు జోడించి కన్నీళ్లు పెట్టుకోవడం మనమంతా చూశాం. డిసెంబర్‌లో క్రికెట్ పిచ్ ఉండే ఆ చోటే సెప్టెంబర్‌లో ఫుటీ మైదానం మధ్య భాగం అవుతుంది. ఎంసీజీలోనే ఆస్ట్రేలియన్ స్పోర్ట్స్ మ్యూజియం ఉంది. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు తీసుకెళితే క్రికెట్, ఫుటీ రెండూ ఒకేచోట చూపించవచ్చు.

మా అబ్బాయికి పన్నెండేళ్లు. ఇండియా నుంచి ఈమధ్యే వచ్చాం. ఇప్పుడు ఫుటీలో చేర్చితే ఆలస్యమవుతుందా?

ఆస్‌కిక్ అనే శిక్షణ ఎక్కువగా చిన్నపిల్లల కోసం. కాబట్టి మీ పేటలోని జూనియర్ క్లబ్‌ను అడగండి, వయసును బట్టి జట్టులో పెడతారు. నమోదు సాధారణంగా చలికాలం సీజన్ మొదలవ్వకముందే జరుగుతుంది, కాబట్టి ఎండాకాలం చివర్లోనే వాకబు చేసుకోండి. పళ్లకు మౌత్‌గార్డ్, కాళ్లకు అడుగున స్టడ్స్ ఉన్న ఫుటీ బూట్లు కొనాలి. మొదటి కొన్ని వారాలు కోలబంతి ఎటు ఎగురుతుందో తెలియక తికమకపడతాడు, దానికి కంగారు పడొద్దు. ఇక ఆలస్యం సంగతంటారా, జెసలెంకో కంటే మీవాడు రెండేళ్లు ముందే ఉన్నాడు.